బంటు వెనుదిరుగదు: గుంటూరు సీమలో చదరంగ విద్య



గజము, అశ్వము, రథము, పదాతి యనునవి ప్రాచీన భారతీయ సేనకు నాలుగంగములు. ఆ సేన పేరనే చతురంగక్రీడ వెలసెను. క్రీస్తుశకము 7వ శతాబ్దమున బాణభట్టు రచించిన హర్షచరితమునందే ఈ నామము కానవచ్చుచున్నది. ఇచ్చటినుండి పారశీకమునకు ‘చత్రంగ్’ అనియు, అరబ్బులకు ‘షత్రంజ్’ అనియు ఆ క్రీడ చేరెను. పూర్వము కర్ణమార్గమున ఒక్క గడి మాత్రమే కదలిన మంత్రికి 15వ శతాబ్దపు చివర ఐరోపాలో నేటి బలము కలిగెను. తెలుగునాట రాజు, మంత్రి, శకటు, గుర్రము, ఏనుగు, బంటు అను పేర్లతో నేటికిని ఇది నిలిచియున్నది.

మిరప రైతు విత్తనమును నేరుగా పొలమున చల్లక, ముందు నారుమడిలో పెంచి పిదప నాటును. విద్యకు ఇల్లే నారుమడి. 1986లో గుంటూరున జన్మించిన పెంటేల హరికృష్ణ నాలుగేండ్ల ప్రాయమున తాతగారి యొద్ద ఈ క్రీడ నేర్చెను. 2001లో, పదునైదవ యేట, గ్రాండ్‌మాస్టరయ్యెను. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచెను.

విద్యార్థి మొదట నేర్వవలసినది బంటు నడక. బంటు తన తొలి ఎత్తులో రెండు గడులు కదలవచ్చును. పిదప ఒక్కొక్క గడియే. ఎదుటి పావును కర్ణమార్గమున మాత్రమే చంపును. తక్కిన పావులన్నియు వెనుకకు మరలగలవు, బంటు మరలదు. ఎనిమిదవ వరుస చేరినచో మంత్రి పదవిని సైతము పొందును. ఇక రెండవ పాఠము: ముట్టిన పావును కదపవలెను. చేసిన కర్మను వెనుకకు తీసికొనుట లేదని బాలునకు ఇంతకంటె సులభముగా బోధించు సాధనమేది?

ఈ పాఠమునకు జీవదృష్టాంతము 1991లో గుంటూరునందే జన్మించిన ద్రోణవల్లి హారిక. ఎన్.వి.ఎస్. రామరాజు గారి శిష్యురాలైన ఈమె 2011లో గ్రాండ్‌మాస్టర్ బిరుదు నందెను. 2012, 2015, 2017 సంవత్సరములలో ప్రపంచ మహిళా పోటీలందు మూడుమార్లును సెమీఫైనల్‌లో ఓడి, కాంస్యముతో మరలెను. తుది మెట్టునకు ఒక్క అడుగు ముందు మూడుసార్లు ఆగిన మనస్సు ఎంత నలిగియుండునో ఊహింపవచ్చును. అయినను ఆమె బల్లను వీడలేదు. 2022లో నిండు గర్భిణిగా చెన్నై ఒలింపియాడ్‌లో ఆడి జట్టుతో కాంస్యము పొందెను. 2024 సెప్టెంబరున బుడాపెస్టులో భారత మహిళల జట్టు స్వర్ణము గెలువగా, అందు హారిక యుండెను. అదే పోటీలో స్వర్ణము గెలిచిన ఓపెన్ జట్టులో హరికృష్ణ యుండెను. ఇరువురును గుంటూరు బిడ్డలే.

మనోనిగ్రహమునకు అభ్యాసము, వైరాగ్యము అను రెండు ఉపాయములను గీతాచార్యుడు ఉపదేశించెను. నిత్యము బల్లముందు కూర్చుండుట అభ్యాసము. ఆటకట్టు పడినను కలత చెందక, పావులను మరల పేర్చుట వైరాగ్యము. మనుమనికో మనుమరాలికో చదరంగము నేర్పు పెద్దలు గెలుపునకు ముందు ఈ పేర్చుటను నేర్పుదురు గాక.