కొండవీటి రెడ్డిరాజ్యము: పొరుగు సంబంధములు

కాకతీయ సామ్రాజ్య పతనానంతరము ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా నెలకొల్పిన రెడ్డిరాజ్యము, ఆతని కుమారుడగు అనవోతారెడ్డి కాలమున కొండవీటికి తరలి, విస్తరించుకొలదిని నూతనముగా పొరుగైన రాజ్యములతో యుద్ధమును మైత్రియు రెండును నెఱపెను.

వాణిజ్యము: 1358లో అనవోతారెడ్డి మోటుపల్లి రేవున శాసనము వేయించి, దేశాంతర వర్తకులకు అభయమిచ్చి, సుంకములను సడలించెను. పిమ్మట కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డి కాలమున అవచి తిప్పయసెట్టి యను వర్తకుడు ద్వీపాంతరములనుండి సుగంధద్రవ్యములను తెప్పించెను.

వియ్యము: శ్రీశైలప్రాంతమునకై విజయనగరముతో వైరము సాగినను, రెండవ హరిహరరాయలు తన కుమార్తె హరిహరాంబను, కుమారగిరి బావయు రాజమహేంద్రవర పాలకుడునైన కాటయవేముని కుమారునకిచ్చి వివాహము చేయుటచే బాంధవ్యమేర్పడెను. కుమారగిరి పిదప పెదకోమటి వేముడు కొండవీటి సింహాసనమెక్కి కాటయవేమునితో పోరినపుడు, ఆ వియ్యమువలననే విజయనగర సైన్యము రాజమహేంద్రవర పక్షమున నిలిచెను.