గ్యాస్ డిటెక్టరు

పరిశ్రమలలో వాయువు లీకైనప్పుడు దానిని గుర్తించి హెచ్చరించే పరికరాన్ని గ్యాస్ డిటెక్టరు అంటారు. తెలుగులో దీనిని వాయు శోధకం అనవచ్చు. సిబ్బంది వెంట తీసుకువెళ్ళేవి, ఒకే చోట శాశ్వతంగా బిగించేవి అని ఇవి రెండు విధాలు. ఈ వ్యాసం రెండవ రకానికి, అనగా స్థిర డిటెక్టర్లకు సంబంధించినది. ఆంధ్ర ప్రదేశ్‌లోని కోనసీమలో చమురు, సహజ వాయువు బావులు, వాయు సేకరణ కేంద్రాలు, గొట్టపు మార్గాలు ఊళ్ళ మధ్య, కొబ్బరి తోటల నడుమ ఉన్నాయి. అందువల్ల ఈ పరికరం ఎంత అవసరమో, దాని పరిమితి ఎంతవరకో ఈ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటే సులభంగా బోధపడుతుంది. డిటెక్టరు తన దగ్గరకు వచ్చిన వాయువును మాత్రమే గుర్తిస్తుంది. అది కూడా సరైన చోట బిగించి, తరచు పరీక్షించి, సరిచేస్తూ ఉన్నప్పుడే.

అవసరం

సహజ వాయువులో ప్రధానమైన భాగం మీథేన్. దీనికి రంగు గాని, వాసన గాని లేదు. ఇంట్లో వంట గ్యాసు లీకైనప్పుడు వచ్చే ఘాటైన వాసన ఆ వాయువుది కాదు. లీకు తెలియడం కోసం దానిలో కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక సమ్మేళనానిది. బావి నుండి సేకరణ కేంద్రానికి, అక్కడి నుండి దూర ప్రాంతాలకు పోయే వాయువులో సాధారణంగా దీనిని కలపరు. కనుక అటువంటి చోట్ల ముక్కును నమ్ముకోవడానికి వీలు లేదు.

కొన్ని క్షేత్రాలలో లభించే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇందుకు భిన్నమైనది. అతి స్వల్ప పరిమాణంలో ఉన్నప్పుడు దానికి కుళ్ళిన కోడిగుడ్ల వాసన ఉంటుంది. గాలిలో సుమారు 100 పి.పి.ఎం. (పది లక్షల భాగాలలో 100 భాగాలు) దాటితే అది ఘ్రాణశక్తినే మొద్దుబారుస్తుంది. వాసన పోయిందంటే ప్రమాదం తప్పిందని కాదు, పెరిగిందని అర్థం.

చరిత్ర

ఐరోపాలోని బొగ్గు గనులలో విషవాయువులను కనిపెట్టడానికి పూర్వం కానరీ పక్షులను వాడేవారు. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన రక్షక దీపం గని కార్మికులకు వెలుతురునిస్తూ, మంట ఎత్తులో వచ్చే మార్పును బట్టి మీథేన్ ఉనికిని కూడా తెలిపేది. 1926-27లో అమెరికాలో ఆలివర్ జాన్సన్ ఉత్ప్రేరక దహనం ఆధారంగా పనిచేసే పరికరాన్ని తయారుచేశాడు. చమురు ట్యాంకులలోని ఆవిరి వల్ల జరిగే పేలుళ్ళను నివారించడం దీని ఉద్దేశం. 1960వ దశకంలో జపాన్‌కు చెందిన నవోయోషి తగూచి అర్ధవాహక సెన్సరును రూపొందించాడు. పరారుణ కిరణాలతో పనిచేసే డిటెక్టర్లు ఆ తరువాతి కాలంలో వ్యాప్తిలోకి వచ్చాయి.

భారతదేశంలో 1984 డిసెంబరు నాటి భోపాల్ దుర్ఘటన తరువాత పారిశ్రామిక భద్రతపై శ్రద్ధ పెరిగింది. చమురు, సహజ వాయువు రంగంలో భద్రతా ప్రమాణాలు రూపొందించడానికి 1986లో ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ ఏర్పడింది.

కోనసీమలో

కోనసీమ గౌతమి, వశిష్ట నదీపాయల మధ్య ఉన్న డెల్టా ప్రాంతం. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో భాగంగా ఉండి, ఆ ఏడాది ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయినది. ఇది కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఉంది. రాజోలు, మోరి, పాశర్లపూడి, తాటిపాక, కేశనపల్లి పేర్లు ఓ.ఎన్.జి.సి. బావుల ద్వారా దేశానికి పరిచయమయ్యాయి. తాటిపాకలో వాయు సేకరణ కేంద్రంతో పాటు చిన్న చమురు శుద్ధి కర్మాగారం కూడా ఉన్నది. సముద్రంలోని క్షేత్రాల నుండి వచ్చే వాయువును స్వీకరించే కేంద్రాలు అల్లవరం మండలం ఓడలరేవులోను, ఉప్పలగుప్తం మండలం ఎస్.యానాంలోను ఉన్నాయి.

ఈ ప్రాంతంలో జరిగిన కొన్ని ప్రమాదాలు:

* 8 జనవరి 1995: పాశర్లపూడి-19వ బావిలో బ్లోఅవుట్ సంభవించి మంటలు చెలరేగాయి. చుట్టుపక్కల గ్రామాల ప్రజలను ఖాళీ చేయించారు. విదేశీ నిపుణుల సహాయంతో మంటలను ఆర్పడానికి సుమారు 65 రోజులు పట్టింది.
* 27 జూన్ 2014: మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థకు చెందిన 18 అంగుళాల గొట్టపు మార్గం తెల్లవారుజామున పేలింది. ఇది తాటిపాక నుండి విజయవాడ సమీపంలోని కొండపల్లి వద్ద గల విద్యుత్కేంద్రానికి వాయువును చేరవేసేది. లీకైన వాయువు ఇళ్ళ మధ్యకు వ్యాపించిన తరువాత నిప్పంటుకున్నది. ఇరవై మందికి పైగా మరణించారు. ఇళ్ళు, దుకాణాలు, కొబ్బరి చెట్లు కాలిపోయాయి. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరు, కండెన్సేటు కలిసిన తడి వాయువు ప్రవహించడం వల్ల లోపల తుప్పు పట్టినట్లు విచారణలో వెల్లడైనది.
* ఫిబ్రవరి 2020: కాట్రేనికోన మండలం ఉప్పూడి వద్ద ఒక బావి నుండి వాయువు ఎగజిమ్మింది. ప్రజలను దూరంగా తరలించి, బావిని అదుపులోకి తెచ్చారు.

కొలమానం

మండే వాయువు గాలిలో ఒక కనీస పాలుకు చేరితేనే నిప్పంటుకుంటుంది. ఈ కనీస పాలును ఎల్.ఇ.ఎల్. అంటారు. మీథేన్‌కు ఇది గాలి ఘనపరిమాణంలో సుమారు 5 శాతం. కొన్ని అంతర్జాతీయ ప్రమాణాలు 4.4 శాతంగా తీసుకుంటాయి. పై అవధి సుమారు 15 శాతం. ఈ రెంటి మధ్య ఉన్న మిశ్రమం అతి ప్రమాదకరం.

డిటెక్టరు ఈ కనీస పాలునే 100గా భావించి, అందులో ఎన్నవ వంతు వాయువు ఉన్నదో చూపుతుంది. అనగా డిటెక్టరు 20 శాతం ఎల్.ఇ.ఎల్. అని చూపితే, గాలిలో మీథేన్ 1 శాతం ఉన్నదని అర్థం. సాధారణంగా 20 శాతం వద్ద మొదటి హెచ్చరిక, 40 నుండి 60 శాతం మధ్య రెండవ హెచ్చరిక నిర్ణయిస్తారు. ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగుల వద్ద రెండవది, 17.75 అడుగుల వద్ద మూడవది జారీ చేయడం వంటిదే ఇది. వరద ఊరిలోకి రాకముందే హెచ్చరించడం అక్కడి ఉద్దేశం. మిశ్రమం మండే స్థితికి చేరకముందే హెచ్చరించడం ఇక్కడి ఉద్దేశం. కొలబద్ద తప్పుగా ఉంటే రెండు చోట్లా హెచ్చరిక వ్యర్థమే.

డిటెక్టరు తన కొలతను సాధారణంగా 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ ప్రవాహంగా కంట్రోల్ రూముకు పంపుతుంది. 4 అంటే సున్న, 20 అంటే పూర్తి కొలత. 20 శాతం ఎల్.ఇ.ఎల్.కు 7.2, 40 శాతానికి 10.4 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. తీగ తెగితే ప్రవాహం 4 కంటే తగ్గిపోతుంది కాబట్టి, వాయువు లేకపోవడానికీ పరికరం చెడిపోవడానికీ తేడా తెలుస్తుంది.

రకాలు

* ఉత్ప్రేరక రకం: ఇందులో ప్లాటినం తీగచుట్టపై రెండు చిన్న పూసలు ఉంటాయి. ఒక పూసకు ఉత్ప్రేరకం పూస్తారు. మండే వాయువు దానిపై దహనమై వేడి పెరిగితే తీగ నిరోధం మారుతుంది. ఆ మార్పును వీట్‌స్టన్ బ్రిడ్జి ద్వారా కొలుస్తారు. హైడ్రోజన్‌తో సహా మండే వాయువులను చాలావరకు గుర్తిస్తుంది. అయితే దీనికి ఆక్సిజన్ అవసరం. సిలికోన్, సీసం, గంధకం కలిగిన పదార్థాల వల్ల ఉత్ప్రేరకం పాడవుతుంది. పాడైనా కొలత మామూలుగా సున్న వద్దే నిలిచి ఉండవచ్చు. ఇదే దీని పెద్ద లోపం.
* పరారుణ రకం: హైడ్రోకార్బన్లు సుమారు 3.3 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద పరారుణ కాంతిని శోషించుకుంటాయి. శోషణం ఎంతో కొలిచి వాయువు పరిమాణం లెక్కిస్తారు. ఆక్సిజన్ అవసరం లేదు. విషపూరిత పదార్థాల వల్ల చెడిపోదు. హైడ్రోజన్‌ను మాత్రం గుర్తించలేదు. కాంతి పుంజాన్ని ఆవరణ ఈ కొస నుండి ఆ కొసకు పంపి, మధ్యలోని వాయువును పసిగట్టే డిటెక్టర్లు కూడా ఈ కోవలోనివే.
* విద్యుద్రసాయన రకం: హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ వంటి విషవాయువులకు వాడతారు. సాధారణంగా రెండు, మూడు సంవత్సరాలకు సెన్సరును మార్చవలసి ఉంటుంది.

అమర్చడం

స్థలం ఎంపికలో మొదట చూడవలసినది వాయువు సాంద్రత. మీథేన్ గాలి కంటే తేలిక. కనుక లీకు కాగల చోటికి పైన, కప్పు ఉన్న చోట కప్పు దగ్గర డిటెక్టరును బిగిస్తారు. వంట గ్యాసులోని ప్రొపేన్, బ్యూటేన్ గాలి కంటే బరువు. వాటికి నేల నుండి ఒక అడుగు, అడుగున్నర ఎత్తులో బిగిస్తారు. తడి వాయువు విషయంలో ఒక్క ఎత్తు చాలదు. అందులోని మీథేన్ పైకి పోగా, కండెన్సేటు ఆవిరి నేలబారుగా వ్యాపించి కాలువలలో, గుంటలలో నిలుస్తుంది.

కంప్రెసర్లు, పంపులు, వాల్వులు, గొట్టాల అతుకులు లీకుకు అవకాశం గల స్థలాలు. గాలి ఏ దిశ నుండి ఎక్కువగా వీస్తుందో చూసి, లీకైన వాయువు ఎటు కొట్టుకుపోతుందో అటువైపు కూడా డిటెక్టర్లు ఉంచాలి. సెన్సరు ముఖం నేల వైపు ఉండాలి. వాన జల్లు పడకుండా తొడుగు ఉండాలి. క్రమాంకనం చేసేవారికి అందే ఎత్తులో లేకపోతే, వాయువును పైకి పంపే సన్నని గొట్టాన్ని ముందే ఏర్పాటు చేయాలి. మండే వాయువులు ఉండే చోట వాడే విద్యుత్ పరికరాలకు పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) ఆమోదం ఉండాలి. చమురు బావుల వద్ద 2017 నాటి చమురు గనుల నిబంధనలు వర్తిస్తాయి.

కోనసీమ వంటి తీరప్రాంతంలో ఉప్పు గాలికి బోల్టులు, జంక్షన్ బాక్సులు త్వరగా తుప్పు పడతాయి. లంకలలోను, పల్లపు భూములలోను నేలకు దగ్గరగా బిగించిన సెన్సర్లు గోదావరి వరదలలో మునిగే అవకాశం ఉంది. ఒకసారి మునిగిన సెన్సరును పరీక్షించకుండా తిరిగి నమ్మరాదు.

క్రమాంకనం

డిటెక్టరు చూపే కొలతను తెలిసిన వాయువుతో పోల్చి సరిచేయడాన్ని క్రమాంకనం లేదా కాలిబ్రేషన్ అంటారు. ఎన్నాళ్ళకొకసారి అనేది తయారీదారు సూచనను, స్థల పరిస్థితులను బట్టి నిర్ణయిస్తారు; మూడు నుండి ఆరు నెలలకొకసారి చేయడం సాధారణం. క్రమం ఇది:

1. కంట్రోల్ రూముకు తెలిపి, పని అనుమతి పత్రం తీసుకోవాలి. పరీక్ష వాయువు వల్ల కేంద్రం ఆగిపోకుండా ఆ డిటెక్టరు హెచ్చరికను తాత్కాలికంగా నిలిపివేయాలి.
2. చేతి డిటెక్టరుతో పరిసరాలలో వాయువు లేదని రూఢి చేసుకోవాలి.
3. సిలిండరులోని శుద్ధమైన గాలిని పంపి సున్నను సరిచేయాలి.
4. సెన్సరుకు కప్పు తొడిగి, ధ్రువపత్రం గల పరీక్ష వాయువును నిర్ణీత వేగంతో (సాధారణంగా నిమిషానికి అర లీటరు నుండి ఒక లీటరు) పంపాలి. కొలత నిలకడగా వచ్చిన తరువాత సరిచేయాలి.
5. వాయువు ఆపి, కొలత తిరిగి సున్నకు వచ్చిందో లేదో, ఎంతసేపటికి వచ్చిందో చూడాలి.
6. నిలిపిన హెచ్చరికను తిరిగి పునరుద్ధరించాలి. వివరాలు రిజిస్టరులో నమోదు చేయాలి.

వీటిలో ఆరవ అంశాన్ని మరచిపోతే డిటెక్టరు చక్కగా పనిచేస్తున్నా హెచ్చరిక మోగదు. పరీక్షకు ముందు ఉన్న కొలతను కూడా నమోదు చేయడం మంచి పద్ధతి. సరిచేసిన తరువాతి అంకె ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇన్నాళ్ళూ పరికరం ఎంత తప్పు చూపిందో తెలిపేది మొదటి అంకె మాత్రమే.

పరీక్ష వాయువులో 2.5 శాతం మీథేన్ ఉంటే, 5 శాతాన్ని ఎల్.ఇ.ఎల్.గా తీసుకున్నప్పుడు డిటెక్టరు 50 చూపాలి. 4.4 శాతాన్ని ప్రమాణంగా తీసుకుంటే అదే వాయువుకు సుమారు 57 చూపాలి. ఏ ప్రమాణం పాటిస్తున్నారో రిజిస్టరులో రాయకపోతే సరిచేసిన పరికరమే తప్పు చూపుతుంది.

నిర్వహణ

రెండు క్రమాంకనాల మధ్య కాలంలో కొద్దిపాటి పరీక్ష వాయువును తగిలించి హెచ్చరిక మోగుతున్నదో లేదో చూస్తారు. దీనిని బంప్ టెస్టు అంటారు. ఉత్ప్రేరక సెన్సరు పాడైన సంగతి బయటపడేది ఇటువంటి పరీక్షలోనే.

సెన్సరు ముందుండే సన్నని రంధ్రాల లోహపు బిళ్ళ దుమ్ము, ఉప్పు, సాలెగూళ్ళు, పురుగుల గూళ్ళతో మూసుకుపోవచ్చు. తీరప్రాంతంలో తుప్పు నివారణకు తరచు రంగులు వేస్తారు. గొట్టాలతో పాటు ఆ బిళ్ళకు కూడా రంగు పూస్తే వాయువు లోపలికి పోదు. సిలికోన్ గ్రీజు, పాలిష్ వంటివి ఆ పరిసరాలలో వాడరాదు. పరారుణ రకంలో కటకాలను, అద్దాలను శుభ్రపరచాలి. పరీక్ష వాయువు సిలిండరుకు కూడా గడువు తేదీ ఉంటుంది.

పరిమితులు

స్థిర డిటెక్టర్లు కేంద్రం ప్రహరీ లోపల ఉండే రక్షణ. ఊళ్ళ మీదుగా భూమిలో పోయే గొట్టపు మార్గం పొడవునా ఇవి ఉండవు. అక్కడ పీడనం, ప్రవాహ పరిమాణాల తేడాలను గమనించడం, మార్గం వెంట మనుషులు తిరిగి చూడడం, గొట్టం లోపల యంత్రాన్ని పంపి లోహపు మందం కొలవడం వంటి పద్ధతులు పాటిస్తారు. చిన్న లీకు పీడనంలో తేడా చూపకపోవచ్చు. కాలువలో, వరిచేలో ఎడతెగని బుడగలు, ఒకే చోట కారణం లేకుండా ఎండిపోయే పచ్చిక, నేల నుండి బుసకొట్టే శబ్దం స్థానికులకే ముందుగా కనిపించే ఆనవాళ్ళు. నగరం దుర్ఘటనకు ముందు కూడా లీకుల గురించి స్థానికులు తెలిపినట్లు ఆనాటి పత్రికలు రాశాయి. డిటెక్టరు లేని చోట ప్రజల ఫిర్యాదే హెచ్చరిక. దానిని నమోదు చేసి, స్వయంగా వెళ్ళి చూడడం కూడా పరికరాన్ని క్రమాంకనం చేయడమంత ముఖ్యం.

లీకు అనుమానం కలిగినప్పుడు పొయ్యి, బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. విద్యుత్ స్విచ్చులు వేయడం, తీయడం, వాహనం స్టార్టు చేయడం కూడా ప్రమాదకరం. గాలి వీచే వైపుకు ఎదురుగా లేదా అడ్డంగా దూరం వెళ్ళి, అక్కడి నుండి గొట్టపు మార్గపు గుర్తు రాయిపై ఉన్న నంబరుకు గాని, 112కు గాని ఫోను చేయాలి.

ఇవి కూడా చూడండి

* కృష్ణా-గోదావరి బేసిన్
* నగరం (మామిడికుదురు)
* పాశర్లపూడి
* మీథేన్
* భోపాల్ దుర్ఘటన