బెండుబండియు ఆటయిటుకలును



ఈ ప్రసంగము పేరు విన్నంతనే, "తల నెరసినవానికి పిల్లల యాటవస్తువులతో నేమి పని?" అని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నిరుటివఱకు నేనును అట్లు నవ్వినవాడనే. నా నవ్వు మాన్పించిన సంగతిని మొదట మనవి చేసి, పిమ్మట చరిత్రలోనికి పోయెదను.

గడచిన వేసవిలో మా మనుమడు సెలవులకు రామన్నపేటకు వచ్చెను. వాని వయస్సు తొమ్మిదేండ్లు. వానితోబాటు ఒక పెట్టె వచ్చినది. దానినిండ రంగురంగుల ప్లాస్టిక్ ఆటయిటుకలు. ఒక్కొక్క యిటుకకు పైన చిన్న బొడిపెలు, క్రింద బోలు. ఒకదానిపై నొకటి పెట్టి అదిమినచో గట్టిగా పట్టుకొనును. పెట్టెలోని కాగితమును చూచుచు రెండు దినములలో వాడొక కోటను కట్టెను. చూడ ముచ్చటగా నుండెను. దానికి వెచ్చించిన పైకమెంతయో నాకు దెలియును గనుక, చెడిపోరాదని దానిని అద్దపుబీరువాలో పెట్టి తాళము వేసితిని. పిల్లవాడు రెండు మూడుమారులు అడిగెను. "ముట్టుకొన్నచో విడిపోవును" అంటిని. నాలుగవనాడు వాడు నాయెదుట నిలిచి, "తాతా! ఆ కోట నాదా, బీరువాదా?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు నేను చదివి తెలిసికొన్నదే యీ ప్రసంగము.

మొట్టమొదట మన చేనిగట్టుననే ప్రారంభింతము. నల్లగొండ, మహబూబునగరము మెట్టసీమలలో పుట్టి పెరిగిన వృద్ధులలో బెండుబండి చేయనివారు అరుదు. జొన్న కోసిన పిదప చొప్పదంటును గణుపుకడ విఱిచి, పైతొక్కను పండ్లతో చీల్చి తీసినచో లోపల తెల్లని బెండు మిగులును. ఆ బెండే మన కలప. ఒలిచిన తొక్క యీనెలే మన మేకులు. ఈనెను బెండులో గ్రుచ్చినచో నిలుచును, లాగినచో వచ్చును. గుండ్రని బెండుబిళ్ళలు చక్రములు, పొడుగుముక్క నొగ, అడ్డముక్క కాడి, ఎడ్లు కూడ బెండువే. ఉదయము కట్టిన బండిని సాయంకాలము విప్పి మంచెగా కట్టుదుము. మఱునాడు మంచెను విప్పి కండ్లద్దములు చేసి ముక్కున పెట్టుకొందుము. తొక్క యంచు తగిలి వ్రేళ్ళు తెగి నెత్తురు వచ్చెడిది, అయినను మానలేదు. ఆ యాటకు వెల లేదు, కాగితము లేదు, ఇది తప్పు ఇది ఒప్పు అనువారు లేరు.

పిల్లల బండ్ల చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది. సింధునదీలోయలో హరప్పా మొదలగు పట్టణములను త్రవ్వినపుడు, నాలుగువేల యేండ్లకు పైబడిన మట్టి బొమ్మబండ్లు బయల్పడినవి. శూద్రకుని "మృచ్ఛకటికము"నకు ఆ పేరు వచ్చినదియు ఒక మట్టిబండి వలననే. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడుకొనెను. అది వారింటికి తిరిగి పోగా, చేతికిచ్చిన మట్టిబండి వలదని యేడ్చెను. వసంతసేన తన నగలను తీసి ఆ మట్టిబండిలో నింపెను. వసంతసేన మనస్సు ఎంత మెత్తనిదో ఆ ఘట్టము తెలుపుచున్నది. దానిని తలచినప్పుడెల్ల నాకు మఱియొక విషయము కూడ తోచుచుండును. బంగారుబండిని చూచి మురియవచ్చునే గాని, దానిని విఱిచి ఇంకొకటి చేసికొమ్మని ఏ తల్లియు బిడ్డ చేతికి ఇయ్యదు. మట్టిబండి విఱిగిన మట్టి యుండనే యున్నది.

మన దేశపు బొమ్మలలో కొండపల్లి బొమ్మలకు గొప్ప పేరు గలదు. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, అవయవములను చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతికి, రంగులు వేయుదురు. ఆ పని యందు మన శిల్పులకు సాటిలేదు. అయితే ఆ యతుకు శాశ్వతము. అంబారీ ఏనుగు ఎన్నటికిని అంబారీ ఏనుగే. బొమ్మలకొలువు పెట్టు ఇండ్లలో చూడుడు: మెట్లమీది బొమ్మలు కొన్నవి, ముట్టుకొన్నచో పెద్దలు కోపపడుదురు. మెట్లక్రింద నేలపై ఆవాలు మొలిపించి పొలములుగాను, అద్దము పఱచి చెఱువుగాను, మట్టి కుప్పవోసి గుట్టగాను అమర్చు ఊరు మాత్రము పిల్లలది. వారు ఎక్కువసేపు కూర్చుండునది అక్కడనే.

ఇక సముద్రము దాటుదము. జర్మనీ దేశమున ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అను ఉపాధ్యాయుడు 1837లో బ్లాంకెన్‌బర్గ్ అను ఊర పసిపిల్లలకై ఒక సంస్థను స్థాపించెను. 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లలతోట, అని పేరు పెట్టెను. ఆయన పిల్లల కొఱకు "కానుకలు" అను వస్తువులను వరుసగా కల్పించెను. వానిలో మూడవది, ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవు ఒక కొయ్యఘనము. ఎనిమిది ముక్కలే మెట్లగును, గోడయగును, ద్వారమగును. అమెరికాలో సుప్రసిద్ధ వాస్తుశిల్పియైన ఫ్రాంక్ లాయిడ్ రైట్, బాల్యమున తల్లి తెచ్చియిచ్చిన ఈ కొయ్యముక్కలు తన చేతికిని బుద్ధికిని నేర్పిన విద్యను స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

తరువాత ఒట్టో, గుస్టావ్ లిలియెంథాల్ అను అన్నదమ్ములు ఇసుకను, సుద్దను అవిసెనూనెతో కలిపి రాతివంటి ఆటయిటుకలను చేసిరి. 1880 తరువాత రిక్టర్ అను వ్యాపారి వానిని రూడోల్‌స్టాట్ పట్టణమున విరివిగా తయారు చేయించెను. ఈ ఒట్టోయే రెక్కల యంత్రముతో గాలిలో తేలి, 1896లో క్రిందపడి మరణించిన ప్రఖ్యాతుడు. ఈ యిటుకలు తమ బరువుచేతనే నిలుచును. మోచేయి తగిలినచో మేడ యంతయు కూలును. 1901లో ఇంగ్లండున లివర్‌పూలు వాసి ఫ్రాంక్ హార్న్‌బీ చిల్లులు గల లోహపుపట్టీలను మరలతో బిగించు ఆటవస్తువునకు హక్కుపత్రమును పొందెను. 1907లో దానికి మెకానో అను పేరు వచ్చెను. అది కూలదు. కాని మర బిగించుటకును విప్పుటకును పనిముట్టు వలెను, ఓర్పు వలెను.

చూచితిరా? ఒకదానికి అతుకే లేదు. మఱియొకదాని అతుకు సులభముగా విడువదు. మన జొన్నబెండునకు గల గుణము, అనగా గ్రుచ్చిన నిలుచుట, లాగిన వచ్చుట, కర్మాగారపు వస్తువునకు ఇంకను అబ్బలేదు.

ఆ గుణమును సాధించినది ఒక పల్లెటూరి వడ్రంగి కుటుంబము. డెన్మార్కు దేశమున బిల్లుండ్ అను చిన్నయూర ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అను వడ్రంగి యుండెను. 1924లో ఆయన యిల్లును పనిచావడియు కాలిపోయెను. లోకమంతట వ్యాపారము కుంగిన దినములలో ఇండ్లు కట్టించువారు లేకపోగా, 1932లో కొయ్యబొమ్మలు చేయ మొదలిడెను. 1934లో తన పనికి "లెగో" అని పేరు పెట్టెను. వారి భాషలో "బాగుగా ఆడుకొనుము" అను రెండు మాటల మొదళ్ళు కలిపినదే ఆ పేరు. 1942లో కర్మాగారము మరల కాలెను. ఆయన మరల కట్టెను. ఇంగ్లండున హిలరీ ఫిషర్ పేజ్ అనువాడు బొడిపెలు గల ప్లాస్టిక్ ఇటుకలను అంతకుముందే కల్పించి యుండెను. వానిని చూచి, కొంత మార్చి, 1949లో డెన్మార్కువారు తమ యిటుకలను అమ్మకమునకు పెట్టిరి. ఈ కల్పనకు మూలపురుషుడు పేజ్ అని చెప్పుట న్యాయము.

ఆ తొలి యిటుకలకు ఒక లోపముండెను. క్రింద ఉత్త బోలగుటచే పట్టు చాలదు. కట్టినది ఎత్తినచో ఊడును. ఓలె కుమారుడు గాడ్‌ఫ్రెడ్ కాలమున ఇటుక బోలులో గొట్టములు చేర్చిరి. క్రింది యిటుక బొడిపెలు ఆ గొట్టములకును గోడలకును నడుమ ఇరుకుకొని నిలుచును. పిల్లవాడు లాగినచో విడుచును. ఈ యేర్పాటునకు 1958 జనవరి 28వ తేదీన హక్కుపత్రము కోరిరి. ఆ మార్చి నెలలోనే వృద్ధుడైన వడ్రంగి కాలధర్మము నొందెను. 1963 మొదలుకొని ఏ.బి.ఎస్. అను గట్టి ప్లాస్టిక్‌ను వాడసాగిరి. 1958 నాటి యిటుక నేటి యిటుకపై ఇప్పటికిని అతుకును. తాతయాడిన ముక్కను మనుమడు తన ముక్కతో కలుపవచ్చునన్న మాట.

ఎనిమిది బొడిపెల యిటుకలు, ఒకే రంగువి, రెండింటిని 24 విధములుగా కలుపవచ్చును. మూడింటిని 1,060 విధములుగా. ఆరు ఇటుకలైనచో? పూర్వము 10,29,81,500 విధములని చెప్పుచుండిరి. అది ఆరింటిని ఒకదానిపై నొకటిగా నిలిపిన గోపురముల లెక్క మాత్రమే. సోరెన్ ఐలర్స్ అను డెన్మార్కు గణితశాస్త్రజ్ఞుడు కంప్యూటరు సహాయమున సరిచూడగా 91,51,03,765 అని తేలెను. పిడికిట పట్టు ఆరు ముక్కలలో తొంబదియొక్క కోట్లకు మించిన రూపములు! వీనిలో పెట్టెలోని కాగితము చూపునది ఒక్కటి.

అట్టి కాగితములు 1964లో వచ్చినవి. కాగితము చెడ్డదని నేననను. అది పంతులు గీసియిచ్చిన ఓనమాల వంటిది. దిద్దనిచో చేయి తిరుగదు. కాని దిద్దుట వచ్చిన పిదప బాలుడు తన మాట తాను వ్రాయవలదా? 2008లో ఆ సంస్థవారు తాజమహలును 5,922 ముక్కల పెట్టెగా అమ్మిరి. దానిని కాగితము చూచి కట్టినవాడు నేర్పరియే. కాని అవే ముక్కలను కలియబోసి తన యూరి బురుజును కట్టినవాడు కర్త.

లోకమున అట్టి కర్తలు వేలకొలదిగా నున్నారు. వారిలో పెద్దవారును కలరు. కాగితము లేక తమంత తాము కట్టినదానిని వారు "మై ఓన్ క్రియేషన్", అనగా "నా సొంత సృష్టి", అని పిలుచుకొందురు. 2008లో జపానున, జనులు కట్టిన నమూనాలను చూపించి, పలువురు కోరినదానిని సంస్థయే పెట్టెగా చేయు పద్ధతి మొదలయ్యెను. ఆ విధమున 2011లో వెలువడిన మొదటి నమూనా, సముద్రమున 6,500 మీటరుల లోతునకు దిగు షింకాయి అను జపాను పరిశోధన నావ. పిమ్మట ఆ పద్ధతి అన్ని దేశములకు విస్తరించెను. పదివేలమంది మెచ్చినచో ఆ నమూనాను సంస్థవారు పరిశీలింతురు. కాగితము ఇచ్చినవారే ఆడుకొనువారి యొద్ద కాగితము అడుగవలసివచ్చినది!

విడిపోవు అతుకు పిల్లల యాటకే గాదు, పెద్దల పనికిని ప్రాణమైన ఘట్టము మన మహబూబునగరము సీమలోనే జరిగినది. శ్రీశైలము ఆనకట్ట వలన కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లి సంగమేశ్వరాలయము నీట మునుగవలసివచ్చెను. రాతిపై రాయి కూర్చి కట్టిన ఆ చాళుక్యుల గుడిని రాయి రాయిగా విప్పి, ఆలంపురమునకు తరలించి, ఏ రాతిని ఆ స్థానమున నిలిపి మరల కట్టిరి. విప్పుటయే నాశనమైనచో నేడు మనకు ఆ గుడి యుండెడిది కాదు. విప్ప వీలగుట వలననే అది దక్కినది.

ఇంతవఱకు చదివిన పిదప నేను బీరువా తాళము తీసితిని. మనుమని పిలిచి, "కోట నీదే, నీ యిష్టము" అంటిని. వాడు నన్నొకసారి అనుమానముగా చూచి, క్షణములో దానిని కుప్పగా విప్పెను. నా గుండె కొంచెము జల్లుమన్నమాట నిజము. పిమ్మట వాడు, "నీ చిన్నప్పుడు మన చేనికి నీళ్ళు ఎట్లు పాఱెను?" అని యడిగెను. మోటబావిని గూర్చి చెప్పితిని. మా ప్రాంతమున కరెంటు మోటార్లు వచ్చిన వెనుక మోట తోలువారు లేరు. వాడు దానిని చూచియుండలేదు. నేను నేలపై గీసి చూపితిని: బావి యొడ్డు, పైన గిరక, క్రింద దొర్లుకఱ్ఱ, పెద్దమోకు, తొండమునకు కట్టు సన్నతాడు, ఎడ్లు దిగు వాలుదారి.

నాలుగు దినములు పట్టెను. బొమ్మకారు చక్రము గిరకయైనది, కుట్టుదారము మోకైనది, నా పాత చొక్కాగుడ్డ తొండమైనది, రెండు తెల్లయిటుకలు ఎడ్లైనవి. మొదట దారము లాగినపుడు గిరక స్తంభము ఒరిగి పడెను. "రెండు ప్రక్కల ఊతము పెట్టుము, మా నాయన అట్లే చేయించెను" అంటిని. వాడు పెట్టెను, నిలిచినది. గుడ్డతొండము నీళ్ళను కాలువలో పోసినపుడు మేమిద్దఱమును ఒక్కసారి కేక వేసితిమి.

మా చుట్టుప్రక్కల జొన్న తగ్గి పత్తి పెరిగినది. బెండుబండి చేయుటకు బెండు దొరకుట కష్టమైనది. మోటబావులు పూడిపోవుచున్నవి. మనము పోయిన పిదప వాని మాట చెప్పువారెవరు? మన మనస్సులో రూపమున్నది; పిల్లల చేతిలో ముక్కలున్నవి. ఈ రెండును కలిసిన యింట పాతది కొంత మిగులును, కొత్తది కొంత పుట్టును. కావున, గ్రామవృద్ధులారా! మనుమడు కట్టినది విప్పుచున్నపుడు కోపపడకుడు. ప్రక్కన కూర్చుండి, మీకు దెలిసిన ఏతమునో, గానుగనో, మంచెనో వర్ణించి చెప్పుడు.

మా బీరువా నేడు ఖాళీగా నున్నది. మోటబావి కూడ మూడవవారమున విప్పబడినది. దాని స్థానమున రామన్నపేట రైలుస్టేషను లేచుచున్నది.