రాత్రి పాల వంతు ఎవరిది?

తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలన్నది ఓరుగల్లు ప్రాంతంలో ఇప్పటికీ చాలా ఇళ్లు పాటించే ఆనవాయితీ. అందులో మమకారంతో పాటు లెక్కా ఉంది. పసిబిడ్డకు రాత్రీ పగలూ తేడా తెలియదు. రోజులో 14 నుంచి 17 గంటలు పడుకున్నా, రెండు మూడు గంటలకోసారి పాలకు లేస్తుంది. నిద్ర ఒక దారిన పడేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్ని రాత్రులు బాలింత ఒక్కతే మేలుకోలేదు కాబట్టి అమ్మ, అమ్మమ్మ, పిన్ని వంతులేసుకునేవారు. ఒకరు తడిగుడ్డలు మారిస్తే, ఒకరు చీర ఉయ్యాల ఊపేవారు. బిడ్డ నిద్ర కుదుటపడ్డాక మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తగారింటికి పంపేవారు.

మరి తండ్రి? 21వ రోజు తొట్టెలకు చుట్టంలా వచ్చి వెళ్లేవాడు.

తల్లి కాక మరొకరు పాలు పట్టడానికి మన ఇళ్లలో ఉగ్గుగిన్నె ఉండేది. సీసా కథ వేరు. న్యూయార్క్‌కు చెందిన ఎలైజా ప్రాట్ 1845లో రబ్బరు పీకకు పేటెంటు పొందాడు. 1867లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే శిశువుల పాలపిండి తెచ్చాడు. అదే శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పొడవాటి రబ్బరు గొట్టమున్న సీసాలు ఇంటింటా కనిపించేవి. గొట్టం లోపల కడగడం కుదరక క్రిములు పేరుకుని పిల్లల ప్రాణాలు పోతుంటే జనం వాటిని హంతక సీసాలన్నారు. పాలపొడి ప్రచారానికి పగ్గాలు వేస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో నియమావళి తెచ్చింది. మన దేశం 1992లో చట్టమే చేసి పాలపొడి, పాలసీసాల ప్రకటనలను నిషేధించింది.

అంటే రాత్రి పని పంచుకోవడానికి పాలపొడి డబ్బా దగ్గరి దారి కాదు. ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టమన్నది వైద్యుల మాట. పైగా పాలు ఊరించే ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువగా విడుదలవుతుంది. అయినా తండ్రికి పని తక్కువేం లేదు. ఏడ్చే బిడ్డను ఎత్తి తల్లికి అందించడం, తాగాక భుజాన వేసుకుని తేన్పించడం, డైపర్ మార్చడం, జోకొట్టి వెల్లకిలా పడుకోబెట్టడం ఆయన చేయగలిగినవే. పాలు పిండి పెడితే ఉగ్గుగిన్నెతో పట్టనూ వచ్చు.

కానీ తెల్లారి డ్యూటీకి వెళ్లాల్సిన మనిషి రాత్రంతా ఎలా మేలుకుంటాడు? ఈ ప్రశ్న ప్రభుత్వం చెవిన పడింది ఆలస్యంగా. తల్లికి సెలవు చట్టం 1961లోనే వచ్చింది. 2017 సవరణతో 12 వారాలు 26 అయ్యాయి. కేంద్ర ఉద్యోగులైన తండ్రులకు 15 రోజుల పితృత్వ సెలవు దొరికింది 1997లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగులకు 2005లో ఇచ్చింది.

అందుకే కాజీపేట జంక్షన్‌లో పనిచేసే రైల్వే ఉద్యోగికి, హనుమకొండ సర్కారు బడి పంతులుకు ఆ పదిహేను రోజులున్నాయి. చౌరస్తా బట్టల దుకాణంలో గుమస్తాకు, ఆటో నడిపే తండ్రికి లేవు. ప్రైవేటు ఉద్యోగులకూ ఈ సెలవు ఇవ్వాలని ఎంపీ రాజీవ్ సాతవ్ 2017లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.