సానరాయి మీద మన మాట

వర్క్‌షాపుల్లో పనిచేసి రిటైరైన మిత్రులకు కార్బొరండం రాయిని పరిచయం చేయనక్కరలేదు. ఒకవైపు గరుకు, రెండోవైపు నునుపు. ఉలి, చిత్రిక బ్లేడు దాని మీద పడందే వడ్రంగికి పొద్దు గడవదు. ఆ పేరు పూర్తిగా దొరల మాటేనని సర్వీసంతా నేను అనుకున్నాను.

1891లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఎడ్వర్డ్ ఆచిసన్ అనే ఆయన (అంతకుముందు ఎడిసన్ దగ్గర పనిచేసినవాడే) ఇనుప గిన్నెలో బంకమట్టి, కోకుబొగ్గు పొడి కలిపి బలమైన కరెంటు పంపాడు. చల్లారాక చూస్తే మెరిసే పలుకులు కనిపించాయి. గాజును గీశాయి. కార్బన్, కొరండం కలిసి ఏర్పడ్డాయనుకుని ఆ రెండు మాటలూ అతికి పేరు పెట్టాడు. తీరా పరీక్షిస్తే అందులో ఉన్నవి కార్బన్, సిలికాన్. పేరు మాత్రం నిలిచిపోయింది. 1893లో పేటెంటు వచ్చింది. 1895కల్లా నయాగరా జలపాతం కరెంటుతో అక్కడే ఫ్యాక్టరీ నడిచింది.

మరి కొరండం ఎక్కడిది? 1660లలో గోల్కొండ రాజ్యం చూసిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో, అక్కడ దొరికే ఒక తెల్లని సానరాయిని తెలుగులో 'కోరిండ్' అంటారని రాసుకున్నాడు. అది మన కురువిందమే. తమిళులు కురుందం అంటారు. ఇంగ్లీషులోకి తమిళం నుంచే వెళ్ళి ఉండవచ్చునని నిఘంటుకారుల అభిప్రాయం. ఆ తగవు మనకెందుకు! మాట దక్షిణాదిది, అది చాలు. కాఠిన్యంలో వజ్రం తర్వాత చెప్పుకోదగ్గది కురువిందం. కెంపు, నీలం కూడా ఆ జాతివే. పూర్వం మనవాళ్ళు దాని పొడిని లక్కతో కలిపి సానచక్రాలు చేసుకునేవారు. 1954లో మద్రాసులో మురుగప్ప వారు అమెరికా, బ్రిటిష్ కంపెనీలతో కలిసి కార్బొరండం పేరుతోనే కంపెనీ పెట్టారు. వెళ్ళిన మాట అలా తిరిగొచ్చింది.

మా నాన్నగారు వడ్రంగి. ఆయన దగ్గరున్నదీ కార్బొరండం రాయే. చిన్నప్పుడు నేను పెన్సిలు చాకును ఎప్పుడూ నడుమనే నూరి దానికి గుంట పడేశాను. గుంట పడ్డ రాయి మీద ఉలి అంచు తిన్నగా రాదు. ఆయన తిట్టలేదు. గచ్చు మీద ఇసుక, నీళ్ళు పోసి, రాయి సమమయ్యేదాకా మూడు పూటలు నాచేత రుద్దించారు. ఒకసారి నూనె వాడితే ఆ రాయికి ఎప్పుడూ నూనే అనేవారు. పని కాగానే గుడ్డతో తుడవకపోతే ఇనుపరజను జిడ్డుతో గట్టిపడి, ఉలి జారడమే తప్ప పదునెక్కదు.

ఆ రాయి ఇప్పుడు మా వంటింట్లో ఉంది. కూరగాయల చాకు ఎవరు నూరినా నడుమ మాత్రం నూరనివ్వను.