ఖాళీ కుర్సీకి తాళం

కుర్సీ వదిలేముందు కంప్యూటర్ తెరకు తాళం వేయడం ఇవాళ్టి ఆదత్. దీని తారీఖ్ వెతికితే నాకు మొదట కనిపించింది చోరీ. 1960ల్లో అమెరికాలోని ఎమ్మైటీలో ఒకే యంత్రాన్ని చాలామంది వాడుకునేవారు. ఎవరి ఫైళ్లకు వారి హిఫాజత్ ఉండాలని ఫెర్నాండో కొర్బాటో పాస్‌వర్డ్ పెట్టాడు. 1962లో అలన్ షెర్ అనే విద్యార్థి, తనకిచ్చిన వక్త్ చాలక అందరి పాస్‌వర్డ్‌లూ ప్రింటు తీసేసుకున్నాడు!

అయినా పాస్‌వర్డ్ దర్వాజా దగ్గర పహరా మాత్రమే. లోపలికెళ్లినాయన చాయ్‌కి లేస్తే? 1993లో విండోస్ ఎన్‌టీలో కంట్రోల్-ఆల్ట్-డిలీట్ నొక్కి తాళం వేసే తర్కీబ్ వచ్చింది. 2001లో ఎక్స్‌పీ దాన్ని రెండు మీటలకు తెచ్చింది: విండోస్, ఎల్.

దఫ్తర్ తెరమీద పింఛను అర్జీలు, మరీజుల రిపోర్టులు ఉంటాయి. అవన్నీ పరాయివాళ్ల అమానత్. మన సాహెబులేమో పాస్‌వర్డ్ చీటీని మానిటర్‌కే అతికిస్తారు, వాహ్!