మైదానం నుంచి ఆసుపత్రి గది దాకా

పసిబిడ్డకు పెద్ద జబ్బు చేసిందని తెలిసిన నాడు అల్లూరు వంటి ఊళ్ల తల్లిదండ్రులు మొదట అడిగేది మందు పేరు కాదు. "ఎక్కడికి తీసుకుపోవాలి? అక్కడ ఎన్నాళ్లుండాలి?" అని అడుగుతారు. నెల్లూరో, తిరుపతో, చెన్నపట్నమో చేరాక బిడ్డకు మంచం దొరుకుతుంది. తల్లికి వరండా, తండ్రికి చెట్టునీడ మిగులుతాయి. రోగిని చూసిన వైద్యులం, రోగి వెంట వచ్చినవారిని చాలాకాలం చూడలేదు. ఆ లోటును ముందుగా గుర్తించినవారిలో ఆటగాళ్లు ఉన్నారన్న సంగతి మీలో కొందరికి వింతగా తోచవచ్చు.

ఆ చరిత్రకు మూలంలో ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌పై పరిశోధన సాగించారు. ఆయన బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947 చివర రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అంతవరకు చేతులు ముడుచుకోవలసి వచ్చిన వైద్యానికి అది తొలి ఆశ.

పరిశోధన సాగాలంటే ధనం కావాలి. 1948 మే 22న ఫార్బర్ వద్ద చికిత్స పొందుతున్న 12 ఏళ్ల బాలుని గదికి బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాళ్లు వచ్చారు. వారి మాటలను రేడియో దేశమంతటా వినిపించింది. బాలుని అసలు పేరు దాచి 'జిమ్మీ' అన్నారు. విన్నవారు పంపిన విరాళాలు రెండు లక్షల డాలర్లు దాటాయి. ఆ నిధికి జిమ్మీ ఫండ్ అనే పేరు నిలిచింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ బాలుడు మాత్రం కోలుకుని, పెద్దవాడై, 2001 వరకు జీవించాడు. 1953లో బ్రేవ్స్ జట్టు ఊరు మారగా రెడ్ సాక్స్ జట్టు ఆ బాధ్యతను స్వీకరించింది. వారిలో టెడ్ విలియమ్స్ పత్రికలవారికి తెలియకుండా పిల్లల వద్దకు వెళ్లి కూర్చునేవాడు.

ఫార్బర్ వద్ద శిక్షణ పొందిన డాక్టర్ ఆడ్రీ ఎవాన్స్ తరువాత ఫిలడెల్ఫియా చేరారు. అక్కడ ఈగిల్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు ఫ్రెడ్ హిల్ కుమార్తెకు మూడేళ్ల వయసులో రక్తక్యాన్సర్ సోకింది. ఆసుపత్రి బల్లలపై నిద్రిస్తున్న తల్లిదండ్రుల అవస్థ హిల్‌కు స్వయంగా తెలిసింది. తోటి ఆటగాళ్లు విరాళాలు సేకరించారు. కుటుంబాలకు ఆసుపత్రి దగ్గర ఒక ఇల్లు కావాలని ఎవాన్స్ కోరారు. జట్టు నిర్వాహకుడు జిమ్మీ ముర్రే చొరవతో, మెక్‌డొనాల్డ్స్ సంస్థ సాయంతో 1974 అక్టోబర్ 15న తొలి ఇల్లు తెరుచుకుంది. నేడు ఆ సేవ 60కి పైగా దేశాలకు విస్తరించింది.

మన దేశంలోనూ ఇటువంటి దాతలున్నారు. తన 70వ పుట్టినరోజున, 2019లో, సునీల్ గవాస్కర్ తాను చేసిన 35 అంతర్జాతీయ శతకాలకు గుర్తుగా 35 మంది పిల్లల గుండె శస్త్రచికిత్సల ఖర్చు భరిస్తానన్నారు.

కోట్లు లేనివారు ఏమి చేయగలరని మీరడగవచ్చు. రక్తక్యాన్సర్ చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. దారిఖర్చులు, కూలి నష్టం, ఒంటరితనం భరించలేక మధ్యలో మానేసే కుటుంబాలున్నాయి. మందు చేతికందినా బిడ్డ దక్కకపోవడం కన్నా దుఃఖం ఏముంది? ప్లేట్‌లెట్లు సాధారణంగా అయిదు రోజులకు మించి నిలవవు. కనుక పిలిస్తే వచ్చే ఆరోగ్యవంతులైన యువకులు ఎప్పుడూ అవసరమే. సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ పందేలు ఆడే మన జట్లలో అటువంటివారు లేరా? 18 ఏళ్లు నిండినవారు రక్తవర్గాలు రాసిపెట్టుకున్నా, ఒకరు బిడ్డ తండ్రికి తోడుగా బస్సెక్కినా, ఇంకొకరు ఇంటివద్ద మిగిలిన పిల్లలను బడికి పంపినా అది వైద్యంలో భాగమే.

ఒక్క మనవి. తగ్గని జ్వరం, పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి, మెడలో గడ్డలు పిల్లల్లో కనిపిస్తే జాప్యం చేయకండి. వైద్యుని వద్దకు వెళ్లండి. వెళ్లలేనివారికి తోడుగా నడవండి.